టీవీలో చూసేశాం అంటున్నారు మాస్టారూ, గారడీ మానేయమంటారా?

ప్రశ్న:

మాస్టారూ, నమస్కారం. నా వయసు 24. మా తాత, నాన్న సంతల్లో, జాతరల్లో గారడీ చేసి బతికారు. నాన్న పదేళ్ళ కిందట మానేసి కూరగాయల బండి పెట్టుకున్నారు. నేను డిగ్రీ పూర్తి చేసి కొరియర్ ఆఫీసులో పని చేస్తున్నాను. శని, ఆదివారాల్లో సాయంత్రం ఆర్.కె. బీచ్‌లో గిన్నెలు-బంతులు, పేకముక్కలు, నోటు మాయం చేయడం లాంటివి చేస్తాను. జనం ఆగుతారు. కానీ రెండు నిమిషాలకే ఎవరో ఒకరు "ఇది టీవీలో చూసేశాం" అనో, "యూట్యూబ్‌లో సీక్రెట్ ఉంది బ్రో" అనో అంటారు. పోయిన వారం ఒకాయన, "అమెరికావాడు గాల్లోకి లేస్తాడు, నువ్వూ లే చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పెట్టె సర్దుకుని వచ్చేశాను. ఫ్రెండ్సేమో వీధిలో ఎందుకురా, ఎడిటింగ్ పెట్టి రీల్స్ చెయ్యి, వ్యూస్ వస్తాయి అంటున్నారు. ఆ మాట నాన్నకి చెబితే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. టీవీ మా పొట్ట కొట్టిందా? నేను మానేయాలా, రీల్స్‌కి పోవాలా?

— పేరు వద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

జవాబు:

బాబూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ "పెట్టె సర్దుకుని వచ్చేశాను" అన్న దగ్గరే ఆగిపోయాను. 30 ఏళ్ళుగా స్కూళ్ళలో, కాలేజీల్లో, పెళ్ళిళ్ళలో మ్యాజిక్ చేస్తున్నవాణ్ణి. జనం నవ్వుతుండగా ఆ పెట్టె సర్దుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. తాడు సరిగ్గా చుట్టలేం, మూత సరిగ్గా పడదు, తల ఎత్తబుద్ధి కాదు.

ముందు జవాబు చెప్పేస్తాను. గారడీ మానేయొద్దు. రీల్స్ చేసుకో, కానీ ఎడిటింగ్ పెట్టి మాత్రం చెయ్యొద్దు. మీ నాన్నగారు మూడు రోజులు ఎందుకు మాట్లాడలేదో నాకు అర్థమైంది. ఆయన వైపు చాలా న్యాయం ఉంది.

"అమెరికావాడు గాల్లోకి లేస్తాడు" అన్నాయన ఎవరిని చూసి అన్నాడో గానీ, ఆ ముచ్చట బాగా పాకింది మాత్రం డేవిడ్ బ్లెయిన్ దగ్గర్నుంచి. 1997లో అమెరికాలో ఏబీసీ చానల్‌లో అతని వీధి మ్యాజిక్ కార్యక్రమం వచ్చింది. అంతకుముందు టీవీ మ్యాజిక్ అంటే పెద్ద స్టేజీ, మెరుపుల కోటు, మనిషి పట్టే పెట్టెలు. ఇతను మామూలు టీషర్టు వేసుకుని, ఫుట్‌పాత్ మీద పోయేవాళ్ళని ఆపి పేకముక్కలు చూపించాడు. కెమెరాని తన చేతుల మీద నుంచి చూసేవాళ్ళ మొహాల మీదకి తిప్పించాడు. వాళ్ళు కేకలు పెట్టడం, వెనక్కి పరిగెత్తడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఇంట్లో కూర్చున్నవాళ్ళు చూసింది ఎక్కువగా అదే. వీధిలో నిలబడి మ్యాజిక్ చెయ్యాలని ఎంతోమంది కుర్రాళ్ళకి ఆశ పుట్టింది ఆ కార్యక్రమం చూశాకే. ఆ మేలు కాదనలేం.

అందులోనే గాల్లోకి లేచే ఐటమ్ ఉంది. వీధిలో ఉన్నవాళ్ళ ముందు అతను చేసింది, కాళ్ళు నేల మీద నుంచి కొన్ని అంగుళాలు లేచినట్టు కనిపించే పాత పద్ధతి. చూసేవాళ్ళు ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడితేనే అది పండుతుంది. టీవీలో చూపించింది మాత్రం అంతకన్నా బాగా ఎత్తుకి లేచిన షాట్. దాన్ని విడిగా తీశారు. తీసి, వీధిలో జనం పెట్టిన కేకల్ని, వాళ్ళ మొహాల్ని దానికి అతికించారు. అంటే, ఇంట్లోవాళ్ళు చూసిన మ్యాజిక్‌ని ఆ వీధిలో ఉన్నవాళ్ళే చూడలేదు. బాబూ, పోయిన వారం బీచ్‌లో నిన్ను అడిగింది ఆ మ్యాజిక్. ఏ వీధిలోనూ ఎవరూ చెయ్యనిది నిన్ను చెయ్యమన్నారు. నువ్వు చెయ్యలేకపోవడంలో నీ తప్పు రవ్వంత కూడా లేదు.

ఇది టీవీ తెచ్చిన కొత్త కష్టం కూడా కాదు. మన దేశంలో గారడీవాళ్ళకి ఇదే కష్టం టీవీ పుట్టక ముందే, పేపర్ల వల్ల వచ్చింది. 1890 ఆగస్టులో చికాగో ట్రిబ్యూన్‌ పత్రికలో ఒక కథనం వచ్చింది. ఇండియాలో ఒక ఫకీరు తాడుని గాల్లోకి విసిరాడట, అది నిలబడిందట, దాని మీద పిల్లవాడు పైకి ఎక్కి మాయమైపోయాడట. అదంతా కల్పించి రాసిందేనని నాలుగు నెలల తర్వాత ఆ పత్రికే ఒప్పుకుంది. రాసిన జాన్ విల్కీ తర్వాత అమెరికా సీక్రెట్ సర్వీసుకి అధిపతి అయ్యాడు. అబద్ధమని ఒప్పుకున్న మాట ఎవరికీ పట్టలేదు. తాడు కథ మాత్రం ప్రపంచమంతా తిరిగింది. ఇక్కడికి వచ్చిన తెల్లవాళ్ళు కనిపించిన ప్రతి గారడీవాణ్ణీ "తాడు ఆట ఏది?" అని అడిగారు. 1934లో లండన్‌లోని మ్యాజిక్ సర్కిల్ అనే ఇంద్రజాలికుల సంఘం, ఆ ఆట ఆరుబయట చేసి చూపించినవాళ్ళకి 500 గినీలు ఇస్తామంది. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. ఒక్కసారి ఆలోచించు. చెట్టు కింద కూర్చుని మట్టిలో మామిడి టెంక పాతి, గుడ్డ కప్పి తీసి, మొక్కని చూపించినవాడు, మనిషి పట్టని బుట్టలో మనిషిని కూర్చోబెట్టి కత్తులు గుచ్చినవాడు, వీళ్ళంతా ఎదుట నిలబడి ఉంటే, వచ్చినవాళ్ళు మాత్రం పేపర్‌లో చదివిన తాడు కోసం వెతుక్కున్నారు. 1990ల్లో ఢిల్లీ కఠ్‌పుత్లీ కాలనీకి చెందిన ఇషాముద్దీన్ ఖాన్ అనే వీధి గారడీ కళాకారుడు పట్టుబట్టి, నలుగురి ముందూ ఆరుబయట తాడుని నిలబెట్టి దాని మీదకి పిల్లవాణ్ణి ఎక్కించి చూపించాడు. వందేళ్ళుగా అడుగుతున్నవాళ్ళకి ఒక వీధి మనిషి ఇచ్చిన జవాబు అది. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

ఇక "టీవీ మా పొట్ట కొట్టిందా" అన్నావు. ఒక్క ముక్కలో అవునని చెప్పలేను. టీవీ మ్యాజిక్‌కి అన్నం పెట్టిన రోజులూ ఉన్నాయి. అందులో మన దేశపు మనిషి కథ ఒకటి చెబుతాను.

బెంగాల్ ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్, అంటే కొడుకు కాదు, తండ్రి పెద్ద సర్కార్, 1956 ఏప్రిల్ 9న బీబీసీ పనోరమా కార్యక్రమంలో చేశాడు. అప్పట్లో ఆ కార్యక్రమం నేరుగా ప్రసారమయ్యేది. 17 ఏళ్ళ అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి, గిర్రున తిరిగే రంపంతో నడుం దగ్గర కోశాడు. తర్వాత ఆ అమ్మాయి చేతులు రుద్దాడు, పిలిచాడు, పలకలేదు. తల అడ్డంగా ఊపి మొహం మీద నల్లగుడ్డ కప్పాడు. అంతలో కార్యక్రమం నడిపే రిచర్డ్ డింబుల్‌బీ కెమెరా ముందుకి వచ్చి, ఇంతటితో సమాప్తం అనేశాడు. టైమైపోయింది, అంతే. ఇంట్లో చూస్తున్నవాళ్ళు మాత్రం అమ్మాయి నిజంగానే చచ్చిపోయిందనుకుని బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మర్నాడు పేపర్ల మొదటి పేజీలో అదే వార్త. లండన్‌లో డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో ఆయన ప్రదర్శనలకి టికెట్లు అయిపోయాయి. టీవీలో చూసినవాళ్ళు ఎదురుగా చూడాలని పరిగెత్తారు. ఎందుకంటే టీవీలో చూసిందీ, థియేటర్‌లో చూడబోయేదీ ఒకటేనని వాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకాన్ని కాపాడాలని మొదటి తరం టీవీ మాంత్రికులు చాలా పట్టుదలగా ఉండేవాళ్ళు. 1960లో అమెరికాలో మార్క్ విల్సన్ పిల్లల మ్యాజిక్ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, కెమెరా మాయలు ఉండవు, స్టూడియోలో కూర్చున్నవాళ్ళకి కనిపించేదే మీకూ కనిపిస్తుంది అని మాటిచ్చాడు. 1975లో డగ్ హెన్నింగ్ ఏకంగా లైవ్‌లోనే చేశాడు, తప్పు జరిగితే జరిగినట్టే దేశమంతా చూస్తుందని తెలిసీ. తర్వాత తర్వాత ఆ పట్టుదల సడలింది. షాటుకి షాటు అతికించడం, చూసేవాళ్ళ వేషంలో మనవాళ్ళనే నిలబెట్టడం, అన్నీ వచ్చాయి. జనం అమాయకులు కాదు కదా, వాళ్ళకీ తెలిసిపోయింది. తెలిశాక ఏమన్నారు? "ఇదంతా ఎడిటింగ్" అన్నారు. ఆ మాట టీవీ దగ్గరే ఆగి ఉంటే నాకు బాధ లేదు. బీచ్‌లో ఇసుక మీద, ఎడిటింగ్ చెయ్యడానికి ఏమీ లేని చోట, వట్టి చేతులతో నిలబడ్డ నీ దగ్గరికి వచ్చింది. టీవీవాళ్ళు ఖర్చు పెట్టుకున్న నమ్మకానికి బాకీ నువ్వు కడుతున్నావు. నాకు టీవీ మీద ఉన్న కోపమల్లా అదొక్కటే.

ఆ బాకీలో నా వాటా కూడా ఉంది, దాచను. చాలా ఏళ్ళ కిందట ఒక చానల్‌వాళ్ళు నన్ను పండగ కార్యక్రమానికి పిలిచారు. పేరు అనవసరం. నేను వెళ్ళేసరికి డైరెక్టర్ ముందు వరసలో కూర్చున్నవాళ్ళతో "అందరూ ఆశ్చర్యపోండి, ఇంకోసారి, ఈసారి చప్పట్లతో" అని రికార్డు చేయించుకుంటున్నాడు. నేనింకా పెట్టె కూడా తెరవలేదు. తర్వాత నా ఐటమ్‌ని మూడు ముక్కలుగా తీశారు. మధ్యలో ఆపి, "మాస్టారూ, ఆ పావురాన్ని ముందే బయటికి తీసి పెట్టేయండి, మేం చూసుకుంటాం" అన్నారు. నేను ఒప్పుకున్నాను. టీవీలో కనిపిస్తానన్న ఆశ నాది. పండగనాడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. చాలా బాగా వచ్చింది. మా అమ్మకి అప్పటికి 70 దాటాయి. నా చిన్నప్పుడు వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంటే, ఆవిడ చెవి వెనక నుంచి రూపాయి బిళ్ళ తీస్తే, "మళ్ళీ తియ్యరా, మళ్ళీ తియ్యి" అని ఎసరు మరిగిపోతున్నా పట్టించుకునేది కాదు. ఆ పండగనాడు టీవీ చూసి, "బాగుందిరా. ఇది నువ్వే చేశావా, వాళ్ళు చేయించారా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది, పాపం. నేనే జవాబు చెప్పలేకపోయాను. మీ నాన్నగారి మూడు రోజుల మౌనం నాకు కొత్తగా ఎందుకు అనిపించలేదో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది.

సరే, ఇప్పుడు పని మాట్లాడుకుందాం.

టీవీ మనిషి కంటికి ఏదైనా చూపించగలదు. అతని చేతిలో మాత్రం ఏమీ పెట్టలేదు. నీ ఆటలన్నీ ఈ ఒక్క సంగతి పట్టుకుని మళ్ళీ అల్లుకో. గాల్లోకి లేవమన్నాయన పోయిన వారం నీ ఎదుట నిలబడ్డప్పుడు ఆయన చేతిలో ఏముంది? బీచ్ కదా, ముంత మసాలా పొట్లమో, ఉడకబెట్టిన వేరుశనక్కాయలో ఉండే ఉంటాయి. "సార్, గాల్లోకి లేవడం తర్వాత చూద్దాం, ముందు ఆ కాయ ఒకటి ఇలా ఇవ్వండి" అని అడుగు. ఆ కాయతోనే గిన్నెల ఆట మొదలుపెట్టు. నీ బంతి ఎక్కడ కొన్నావో, లోపల ఏముందో అని ఆయనకి అనుమానం ఉండొచ్చు. తన పొట్లంలోంచి తీసిన వేరుశనక్కాయ మీద ఏం అనుమానం ఉంటుంది? చివర్లో ఆయన్నే ముందుకి పిలిచి, అరచెయ్యి చాపమని, ఒక్క కాయ పెట్టి గుప్పెట మూయించు. ఆయన చేతిని నీ చేత్తో ఒక్కసారి గట్టిగా అదిమి వదిలెయ్యి. వదిలేశాక రెండడుగులు వెనక్కి జరుగు. నీ రెండు చేతులూ అందరికీ కనిపించేలా పట్టుకో. తొందరపడి విప్పమనకు. పక్కవాళ్ళు ఆయన గుప్పెట వైపు వంగుతారు, ఎవరో చిన్నపిల్ల కాలి మునివేళ్ళ మీద లేస్తుంది. అప్పుడు విప్పమను. రెండు కాయలు. ఆ క్షణంలో ఆయన మొహం చూడు. ఆ మొహం కోసమే బ్లెయిన్ కెమెరాని అటు తిప్పింది. అతనికి అది టీవీలోకి దొరికింది, నీకు నీ ఎదురుగానే దొరుకుతుంది. ఎడిటింగ్ అనడానికి ఆయనకి నోరు రాదు, జరిగింది ఆయన గుప్పెట్లో.

సీక్రెట్ యూట్యూబ్‌లో ఉంది అనేవాళ్ళ సంగతి. ఉంది, నిజమే. యూట్యూబ్ కన్నా ముందే, 1997-98లోనే అమెరికాలో ఫాక్స్ చానల్ ఒక మాంత్రికుడికి ముసుగు వేసి, పెద్ద పెద్ద ఐటమ్‌ల గుట్టంతా విప్పించింది. మ్యాజిక్ పని అయిపోయిందని చాలామంది ఏడ్చారు. అయిపోలేదు. అదే అమెరికాలో పెన్, టెల్లర్ అని ఇద్దరున్నారు. మీ తాత చేసిన గిన్నెలు-బంతుల ఆటే వాళ్ళు గాజులాంటి పారదర్శకమైన గ్లాసులతో చేస్తారు. ఏ బంతి ఎప్పుడు ఎక్కడికి పోతోందో లోపలంతా కనిపిస్తూనే ఉంటుంది. అయినా కన్ను పట్టుకోలేదు, ఆ చేతుల వేగం చూసి జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొడతారు. గుట్టు తెలియడం వేరు, ఆ పని చేతికి రావడం వేరు. పులిహోర ఎలా చెయ్యాలో ఊళ్ళో అందరికీ తెలుసు, అయినా పెళ్ళికి ఒకరినే పిలుస్తాం.

అలా అరిచేవాడితో మాత్రం వాదానికి దిగకు. వాణ్ణి తక్కువ చేసి జోకు వెయ్యకు, గుంపు విరిగిపోతుంది. ముందు వరసలో ఉన్న చిన్నపిల్లని చూపించి, "అన్నా, మీకు తెలుసు, ఒప్పుకున్నా. ఈ పాప ఇంకా చూడలేదు, పాప కోసం కాసేపు దాచిపెట్టండి" అను. చిన్నపిల్ల ఆట చెడగొట్టే మనిషిని నేను ఇన్నేళ్ళలో ఒకరిద్దరిని మించి చూడలేదు. వీలైతే వాడినే పిలిచి తాడు చివర పట్టుకోమను. పట్టుకున్నవాడు నీ మనిషైపోతాడు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇది నీ ఇంట్లోనే ఉంది, నువ్వు గమనించినట్టు లేదు. నీ ఉత్తరంలో ఆటల పేర్లు రాశావు గానీ, గుంపుని ఎలా కూడదీస్తావో ఒక్క ముక్క రాయలేదు. మా ఊరి సంతలో నేను చూసిన గారడీ ఆయన, ఆట మొదలుపెట్టడానికి ముందు అరగంట గుంపు కోసమే పనిచేసేవాడు. ముందు డమరుకం. తర్వాత చెంబుతో నీళ్ళు పోస్తూ నేల మీద గుండ్రంగా గీత గీసేవాడు. పిల్లల్ని గీత మీద కూర్చోబెట్టేవాడు. దాంతో పెద్దవాళ్ళకి వాళ్ళ తలల మీదుగా కనిపించేది. ఒక పక్క మేకుకి ముంగిసని కట్టేవాడు, దానికి అల్లంత దూరంలో మూత పెట్టిన బుట్ట. "ఇప్పుడే, ఇంకాసేపట్లో పాముకీ ముంగిసకీ పోట్లాట" అనేవాడు. ఆ ముంగిస గుండ్రంగా తిరుగుతూనే ఉండేది, బుట్ట మూత కదలదు. గిన్నెల ఆట అయ్యేది, మామిడి మొక్క అయ్యేది, తాయెత్తులు అమ్మేవాడు, డబ్బులు పోగయ్యేవి. పోట్లాట మాత్రం ఏనాడూ జరగలేదు. మేము మళ్ళీ వారం కూడా దాని కోసమే వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు టీవీలో యాంకర్ "చిన్న బ్రేక్ తర్వాత" అంటుంది చూడు, అది అచ్చం ఆ ముంగిస పనే. వీధి దగ్గర నేర్చుకున్న విద్యతో టీవీ మనల్ని ఇంట్లో కట్టేసింది. ఆ విద్య నీకు మీ తాత ఆస్తిగా రావాలి.

పాతదంతా తెచ్చుకోమని కాదు. "ఆట మధ్యలో కదిలితే రక్తం కక్కుకుంటారు", "చేతులు కట్టుకున్నవాళ్ళు విప్పండి" అని భయపెట్టడం, చిన్నపిల్లవాడి నాలుక కోసినట్టు చూపించడం, తాయెత్తులు అమ్మడం, అవి పోయినందుకు నాకు సంతోషమే. పాములు పట్టి ఆడించడాన్ని 1972 నాటి వన్యప్రాణి చట్టం ఆపింది, అదీ మంచికే. నీకు కావలసింది ఆ మూత పెట్టిన బుట్ట. మొదటి నిమిషం నుంచీ ఏదో ఒకటి గుడ్డ కప్పి నీ ముందు పెట్టు. దాని గురించి రెండుసార్లు మాట్లాడు, ముట్టుకోకు. ఆయనలా ఎగ్గొట్టకు, చివర్లో విప్పి చూపించు. రెండు నిమిషాలకి వెళ్ళిపోయే మనిషి అది చూసేదాకా ఉంటాడు.

డబ్బు అడగడానికి సిగ్గుపడుతున్నావని అనుమానంగా ఉంది, నీ ఉత్తరంలో ఆ మాటే లేదు. చివరి ఐటమ్‌కి ముందు అడుగు. తర్వాత అడిగితే సగం మంది వెళ్ళిపోతారు. "ఇదే నా చివరి ఆట. నచ్చితే ఇవ్వండి, నచ్చకపోతే చప్పట్లు చాలు" అని నిటారుగా నిలబడి చెప్పు. పెట్టె మూతకి క్యూఆర్ కోడ్ అంటించు. ఇదివరకు చిల్లర లేదని జారుకునేవాళ్ళు, ఇప్పుడు ఆ మాట చెల్లదు. ఫోన్‌పే స్పీకర్ పెట్టె పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది. "ఇరవై రూపాయలు వచ్చాయి" అని అది పైకి చెప్పగానే పక్కవాడి చెయ్యి కూడా జేబులోకి పోతుంది.

మీ నాన్నగారు మానేసింది టీవీ ఒక్కదాని వల్లే అని కూడా నేననుకోను. ఆయన్ని అడిగి చూడు. సంతలో ఖాళీ జాగా తగ్గింది, బస్టాండ్‌లో నిలబడనివ్వరు, గుంపు చేరితే ట్రాఫిక్ అంటారు. 1959 నాటి బొంబాయి భిక్షాటన చట్టం పాట, ఆట, జోస్యంతో పాటు వీధి ప్రదర్శన చేసి డబ్బు తీసుకోవడాన్నీ అడుక్కోవడం కిందే కట్టింది. ఢిల్లీలో అదే చట్టం నడిచింది, 2018లో అక్కడి హైకోర్టు దానిలో ముఖ్యమైన సెక్షన్లని కొట్టేసేదాకా. ఇషాముద్దీన్ ఉన్న కఠ్‌పుత్లీ కాలనీలో గారడీవాళ్ళు, బొమ్మలాటవాళ్ళు, దొమ్మరివాళ్ళు కలిసి దశాబ్దాల పాటు బతికారు. 2017లో ఆ ఇళ్ళన్నీ కూల్చేశారు. టీవీ ఏ బుల్‌డోజర్నీ పంపలేదు కదా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 1977లో భిక్షాటన నిరోధక చట్టం చేశారు. అందుకని నువ్వు ఒక పని తప్పకుండా చెయ్యి. బీచ్‌లో ఎక్కడ నిలబడాలనుకుంటున్నావో రాసి, కార్పొరేషన్‌లోనూ పోలీస్ స్టేషన్‌లోనూ ఇచ్చి, ముందే అనుమతి అడుగు. నడిచే దారికి అడ్డం రానని, చీకటి పడ్డాక ఇన్ని గంటలకి ముగిస్తానని అందులోనే రాయి. కాగితం చేతిలో ఉంటే నీ గొంతులో టెన్షన్ తగ్గుతుంది, అది ఆటలోనూ తెలుస్తుంది. కేరళలో 2014లో తిరువనంతపురం దగ్గర గోపీనాథ్ ముతుకాడ్ అనే ఇంద్రజాలికుడు మ్యాజిక్ ప్లానెట్ అని ఒక ప్రాంగణం పెట్టి, వీధి గారడీ కళాకారులకి కూడా అక్కడ చోటిచ్చాడు. మన దగ్గర అలాంటిది రావాలని నాకు చాలా ఆశ. అది వచ్చేదాకా నీకు బీచ్ ఉంది.

రీల్స్ విషయం. మీ స్నేహితులు పూర్తిగా తప్పు చెప్పలేదు, అక్కడ జనం ఉన్నమాట నిజం. కొన్ని షరతులు పెట్టుకో. వీడియో మొదటి నుంచి చివరిదాకా ఒక్క టేకు, మధ్యలో కోత లేదు. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి, గుంపు కూడా కనిపించేలా తియ్యి. మనవాళ్ళనే చూసేవాళ్ళుగా నిలబెట్టకు. చిన్నపిల్లల మొహాలు కనిపిస్తే తల్లిదండ్రుల్ని అడిగి గానీ పెట్టకు. ఐటమ్ మొత్తం పెట్టకు, గుప్పెట విప్పే దాకా చూపించి, "ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆర్.కె. బీచ్‌లో, మీ గుప్పెట్లో" అని ముగించు. సర్కార్‌కి లండన్‌లో జరిగింది నీకు అంత పెద్దగా జరగకపోవచ్చు. వారానికి ఒక పదిమంది ఫోన్‌లో చూసి వెతుక్కుంటూ వస్తే చాలు, ఆ పదిమంది చుట్టూ మిగతా గుంపు చేరుతుంది.

నాన్నగారి దగ్గరికి వెళ్ళు. రీల్స్ మాట ఎత్తకు. ఆయన పాత గిన్నెలు ఇంకా ఉన్నాయా అడుగు, పైన బొడిపె ఉండి రెండు వేళ్ళ మధ్య పట్టుకునేవి. మన గారడీ గిన్నెలకి ఉండే ఆ బొడిపె, బజారులో దొరికే విదేశీ కప్పులకి ఉండదు, చేతి కదలికే మారిపోతుంది. ఉంటే చింతపండు పెట్టి తోము. తర్వాత ఆయన్ని గుంపు ఎలా పోగేసేవారో అడుగు. మొదటి కేక ఏమని వేసేవారు, పిల్లల్ని ఎలా కూర్చోబెట్టేవారు, వాన వచ్చేలా ఉంటే ఏ ఐటమ్ ముందుకి జరిపేవారు, అన్నీ అడిగి ఫోన్‌లో రికార్డు చెయ్యి. ఆదివారం నాడు కూరగాయల బండి కాస్త ముందుగా కట్టేయించి, బీచ్‌కి వెంట తీసుకుపో. ఆయన్ని ఆట చెయ్యమనొద్దు. డమరుకం ఆయన చేతికిచ్చి పక్కన నిలబడమను, చాలు.

ఆ సాయంత్రం ఎంతమంది ఆగారో, గుప్పెట ఎవరు పట్టారో, నాకు మళ్ళీ రాయి.